వంతగా నా మొదటి సీజన్

మా పెదనాన్న ముప్పై ఏళ్లుగా బుర్రకథ చెబుతున్నారు. ఆయన ఎడంపక్కన డక్కీ అనే తోలు వాయిద్యం కొడుతూ, ఆయన పాట అందుకుని పాడుతూ, జనాన్ని నవ్వించే హాస్యం వంత మా అక్కే. అక్కకి ఏడో నెల వచ్చేసరికి శివరాత్రి ఇంకా నలభై రోజులుంది. అప్పటికే మూడు ఊళ్ల కమిటీల దగ్గర బయానా తీసుకున్నారు. "నువ్వు పాడతావుగా అమ్మా, ఈ సీజన్ గట్టెక్కించు" అన్నారు పెదనాన్న. డిగ్రీ అయిపోయి తెనాలిలో ఖాళీగా ఉన్నాను. సరే అన్నాను. పాట వస్తే చాలనుకున్నాను.

మా మేనత్త ఒప్పుకోలేదు. పెళ్లి కావాల్సిన పిల్ల రాత్రుళ్లు ఊళ్లు తిరగడమేంటని గొడవ. పెదనాన్న కోప్పడలేదు. కమ్యూనిస్టు కళాకారుల సంఘం ప్రజానాట్యమండలి రోజుల్లో, 1940ల్లోనే, మోటూరి ఉదయం గారిలాంటి ఆడవాళ్లు దళం కట్టి ఊరూరా బుర్రకథ చెప్పారని, వాళ్లకంటే మనకొచ్చిన కష్టమేమీ లేదని నెమ్మదిగా చెప్పారు. పేరుమోసిన బుర్రకథకుడు పొన్నెకల్లు నాజర్ గారి కథ ఎక్కడ జరిగినా సైకిల్ మీద వెళ్లి చూసిన మనిషి ఆయన. నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చిన సంగతి ఇప్పటికీ తన ఇంట్లో మనిషికి వచ్చినట్టే చెబుతారు.

మొదటి పది రోజులు నాకు డక్కీ ఇవ్వనేలేదు. కాళ్లకి గజ్జెలు కట్టి, "తందాన తాన" అంటూ ముగ్గురం కలిసి ముందుకి వెళ్లడం, వెనక్కి రావడం, అంతే. తెల్లారుజామున పెరట్లో అదే పని. డక్కీ చేతికొచ్చాక అసలు కష్టం మొదలైంది. నోరు ఒక దారి, చెయ్యి ఒక దారి, కాలు ఇంకో దారి. చెయ్యి కుదిరితే అడుగు తప్పేది, అడుగు కుదిరితే పాట మింగేసేదాన్ని.

పదిహేనో రోజున పెదనాన్న ఒక మాట చెప్పారు. "నా మాట చివర పడిపోతున్నప్పుడే నువ్వు అందుకోవాలమ్మా. పడ్డాక కాదు." కథకుడు తంబుర మీటుతూ, వేళ్ల అందెలు మోగిస్తూ, పాడుతూ, వచనం చెబుతూ, ఆడుతూ మూడు గంటలు నిలబడతాడు. వంతలు అందుకుని పాడే ఆ కాస్సేపే ఆయనకి ఊపిరి. ఆయనకి అరవై మూడేళ్లు. నేను అర క్షణం ఆలస్యం చేస్తే ఆ అర క్షణం ఆయన గుండె మీద పడుతుంది. ఆ రోజు నుంచి నేను నా గొంతు వినడం మానేసి ఆయన ఊపిరి వినడం మొదలుపెట్టాను.

మొదటి కథ శివరాత్రి జాగారానికి, నరసరావుపేట దగ్గర ఒక పల్లెలో. కోటప్పకొండ తిరునాళ్ల జనంతో బస్సులో కాలు పెట్టడానికి చోటు లేదు. డక్కీలు పాత చీరల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాం. వాటిని పైన సామాన్ల మధ్య పడేయకూడదు, తోలు దెబ్బతింటుంది. ఊరివాళ్లు ఎత్తుగా కట్టి అలంకరించిన ప్రభను కొండకి సాగనంపి, అన్నాలు తిని వచ్చి కూర్చునేసరికి రాత్రి పదకొండున్నర. ఆ రాత్రి పల్నాటి బాలచంద్రుడి కథ.

ఒంటిగంట దాటాక మంచు పడింది. నా డక్కీ ఉన్నట్టుండి మూగబోయింది. ఎంత కొట్టినా తడిగుడ్డ మీద కొట్టినట్టు ఉంది. నాకు చెమటలు పట్టాయి. కుడిపక్క నిలబడి లోకం సంగతుల మీద వ్యాఖ్యానించే రాజకీయం వంత మా బాబాయి, పెదనాన్న వచనం చెబుతున్న సందు చూసి, నా డక్కీ లాక్కుని స్టేజీ వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ చలిమంట వేసుకున్నారు. మంటకి జానెడు దూరంలో తోలు పట్టుకుని, గుండ్రంగా తిప్పుతూ, మధ్యమధ్య చూపుడువేలితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మొదట బొద్దుగా పలికింది. ఇంకోసారి తిప్పాడు. మూడోసారి మీటేసరికి ఠంగుమంది. "ఇంకొంచెం కాగితే తోలు పగులుద్ది, ఇక్కడే ఆపాలి" అన్నాడు. ఇత్తడి వేడికి నా అరచెయ్యి చురుక్కుమంది. తర్వాత ఏ ఊరెళ్లినా స్టేజీ చూసేముందు నిప్పు ఎక్కడ దొరుకుతుందో చూసుకునేదాన్ని.

ఆ రాత్రే ఇంకో తప్పు చేశాను. బాలచంద్రుడు యుద్ధానికి వెళ్తూ భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకుంటున్నాడు. జనం నిశ్శబ్దంగా ఉన్నారు. సరిగ్గా అప్పుడే కమిటీ కుర్రాడు చదివింపుల చీటీ, వంద రూపాయల నోటు నా చేతిలో పెట్టాడు. చదివింపులు చదివేది హాస్యం వంతే. నాకు తెలియక వెంటనే పాట ఆపి పేరు చదివేశాను. జనం గొల్లున నవ్వారు. కథ తెగిపోయింది. పెదనాన్న మళ్లీ మొదటి చరణం నుంచి ఎత్తుకోవాల్సి వచ్చింది.

పొద్దున బస్టాండులో టీ తాగుతూ నేర్పించారు. చీటీ రాగానే చదవక్కర్లేదు. చరణం పూర్తవనివ్వాలి. ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. బాబాయి దరువు వదలడు. ఆ దరువు మీదే పేరు చదివి, మనసారా దీవించి, ఆగిన చోట పల్లవి మళ్లీ పాడి జనాన్ని కథలోకి తెచ్చి ఆయనకి అప్పగించాలి. ఇచ్చినవాళ్లని నొప్పించకూడదు, ఎందుకంటే ఆ వంద ప్రేమతో ఇచ్చిందే. మాంచాల కన్నీళ్లనీ వదిలెయ్యకూడదు. మూడో ఊరికి అది నాకు పట్టుబడింది.

నాలుగో ఊరికి గొంతు పోయింది. మిరియాల కషాయం, పటికబెల్లం, ఉప్పునీళ్ల పుక్కిలింతలు అన్నీ చేశాను. అన్నిటికంటే పనిచేసింది మాట్లాడకపోవడమే. రెండు రోజులు పలక మీద రాసి చూపించాను.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆడవాళ్లకి వేషం వేసుకోవడానికి చోటుండదు. ఒక ఊళ్లో బడి వరండాలో దుప్పటి అడ్డం పెట్టి, నేను అంగరఖా వేసుకుంటుంటే బాబాయి అటు తిరిగి కాపలా నిలబడ్డాడు. సాయంత్రం నుంచి నీళ్లు తాగకుండా కథ చెప్పాను, బాత్రూం లేక. మర్నాడు పెదనాన్నతో అన్నాను: "బయానా మాట్లాడేటప్పుడే గడియ ఉన్న గది, పక్కన బాత్రూం కావాలని చెప్పండి." ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అక్క ఎప్పుడూ చెప్పలేదమ్మా" అన్నారు. అప్పటి నుంచి డబ్బు మాట కంటే ముందు అదే అడుగుతున్నారు. కాదన్నవాళ్లు ఇప్పటిదాకా ఎవరూ లేరు.

శ్రీరామనవమి పందిళ్లలో వరసగా ఆరు కథలు. చివరి ఊరు మాచర్ల వైపు. గంట గడిచిందో లేదో గాలివాన వచ్చింది. పందిరి తాటాకులు లేచిపోయాయి, కరెంటు పోయింది. బాలచంద్రుడు మాంచాల గడప ముందే ఆగిపోయాడు. కమిటీవాళ్లు 12,000 ఒప్పుకుని 6,000 చేతిలో పెట్టారు. వానకి మనమేం చేస్తామని బాబాయి వాదించాడు. పెదనాన్న తీసుకుని దణ్ణం పెట్టి వచ్చేశారు. నాకు ఇప్పటికీ ఆ బాధ పోలేదు. మేము వచ్చాం, వేషం కట్టాం, కథ ఎత్తుకున్నాం.

పొద్దున తొమ్మిదింటికి రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. ఒక ముసలమ్మ సంచిలో ఎండుమిరపకాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మాంచాల ఏమందే అమ్మాయ్, రాత్రి చెప్పకుండానే ఆపేశారు?"

"పల్నాడులో పుట్టావు, నీకు తెలీదా అవ్వా?" అన్నాడు బాబాయి.

"తెలుసులేరా. మీ నోట వినాలి."

పెదనాన్న సంచి కింద పెట్టారు. తంబుర గలీబులోంచి తియ్యలేదు. వేషాల్లేవు, గజ్జెల్లేవు. నేను డక్కీకి చుట్టిన పాత చీర విప్పి, దాన్ని భుజానికి తగిలించుకున్నాను. ఎండకి తోలు బాగా బిగిసి ఉంది. పెదనాన్న మాంచాల మాటలు ఎత్తుకున్నారు. రెండో చరణంలో ఆయన గొంతు బొంగురుపోతుందని మాట పడకముందే తెలిసిపోయింది. అందుకున్నాను. బాబాయి కలిశాడు. ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి వింది. పొలాలకి వెళ్లే కూలీలు ఆగారు.

మధ్యలో బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది. తర్వాతిది పదకొండున్నరకి.