సంక్రాంతి కలిసొచ్చిన సోమవారం

జనవరి మూడో సోమవారం మా ఇంట్లో చాలా ఏళ్లపాటు బొమ్మల కొలువు ఎత్తే రోజు. సంక్రాంతి ఇక్కడ ఏ మంగళవారమో బుధవారమో వస్తుంది, ఆ రోజు ఎవరికీ సెలవుండదు. అందుకని హ్యూస్టన్ శివార్లలో ఉండే మా తెలుగువాళ్లమంతా పండగను వారాంతానికి జరిపి, శనివారం పిల్లలకు భోగిపళ్లు పోసి, ఆదివారం పేరంటం పెట్టుకొని, సోమవారం ఒళ్లు విరుచుకుంటాం. రేగిపళ్లు దొరకని ఏడాది వాటి బదులు క్రాన్‌బెర్రీలు కలిపి పోసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీద ఇచ్చే సెలవని నాకు తెలియక కాదు. 1983లో చట్టమై, 1986లో మొదటిసారి పాటించిన ఆ సెలవు మన పండగకు కలిసిరావడమే నాకు ముఖ్యమైంది, అంతే.

పౌరసత్వ పరీక్షకు చదివినప్పుడు కూడా నా చదువు ఆ తీరులోనే సాగింది. అప్పట్లో 100 ప్రశ్నల జాబితా ఇచ్చి, అందులోంచి 10 అడిగేవారు, 6 సరిగా చెబితే గట్టెక్కినట్టే. కింగ్ ఏం చేశాడన్నది అందులో ఒక ప్రశ్న, బానిసలుగా అమ్ముడుపోయినవారు ఎవరన్నది మరొకటి, రెండు జాతీయ సెలవుదినాల పేర్లు చెప్పమన్నది చిట్టచివరిది. కారు నడుపుతూ ఎక్కాల్లా వల్లించి అప్పజెప్పేశాను. గాల్వెస్టన్ సంగతీ అంతే. బంధువులు వచ్చినప్పుడల్లా పులిహోర డబ్బాలు కట్టుకొని ఆ సముద్రపు ఒడ్డుకు వెళ్లేవాళ్లం. లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చిన రెండున్నరేళ్లకు, 1865 జూన్ 19న, టెక్సస్‌లోని బానిసలకు వారు స్వతంత్రులని సైన్యం చాటింపు వేసింది ఆ ఊళ్లోనేనని, 2021లో ఆ తేదీ జూన్‌టీన్త్ పేరుతో దేశమంతటికీ సెలవుదినమయ్యాక గానీ నేను పట్టించుకోలేదు.

మా అమ్మాయి ఐదో తరగతిలో ఉన్న ఏడు, ఆ సోమవారం ఉదయం కొలువు మెట్ల ముందు కూర్చొని, కొండపల్లి బొమ్మలను పాత నూలు చీర ముక్కల్లో చుట్టి పెట్టెలో సర్దుతున్నాం. తెల్లవారికో కుళాయి, నల్లవారికో కుళాయి ఉన్న పాత ఫోటోను అంతకు ముందువారం బడిలో చూపించారట. తాడిచెట్టెక్కే గీతకార్మికుడి బొమ్మను చేతిలో పట్టుకొని, "అమ్మా, అప్పుడు మనం ఇక్కడ ఉంటే ఏ కుళాయి దగ్గర తాగేవాళ్లం?" అని అడిగింది.

"అప్పుడు మనం ఇక్కడ లేముగా" అన్నాను.

"ఉంటే?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి అది పడుకున్నాక వెతుక్కుంటూ కూర్చుంటే భగత్ సింగ్ థింద్ కేసు ఎదురైంది. పంజాబు నుంచి వచ్చి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన థింద్ పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆనాటి చట్టం తెల్లవారికీ ఆఫ్రికా సంతతివారికీ తప్ప పౌరసత్వం ఇవ్వదు కనుక, తాను ఉన్నత కులానికి చెందిన ఆర్యుణ్ణని, కాబట్టి తెల్లవారి లెక్కలోకే వస్తానని వాదించాడు. సామాన్యుల దృష్టిలో తెల్లవాడు కానివాడు చట్టంలోనూ తెల్లవాడు కాడని 1923లో కోర్టు ఆ వాదనను కొట్టేసింది. ఆయనకు చివరికి 1936లో పౌరసత్వం దక్కింది గానీ, నన్ను నిద్రపోనివ్వనిది తీర్పు కాదు, ఆ వాదన. ఏ కుళాయి దగ్గరికి వెళ్లాలన్న ప్రశ్న వస్తే, మనవైపు నుంచి దొరికిన మొదటి జవాబు కులం.

ఇంకొకటి కూడా ఆ రాత్రే తెలిసింది. కింగ్ 1959లో భారతదేశానికి వచ్చి దాదాపు నెల రోజులు తిరిగాడు. అప్పుడు కేరళలో ఒక బడికి వెళితే, అంటరానివారుగా బతికిన కుటుంబాల పిల్లలు చదివే ఆ బడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పరిచయం చేశాడట. మొదట మనసు చివుక్కుమన్నా, తన దేశంలో తనవాళ్ల బతుకు తలచుకుని, అవును, నేను అంటరానివాణ్ణే అనుకున్నానని 1965 జూలై 4న, అంటే సరిగ్గా అమెరికా స్వాతంత్ర్య దినం నాడే, అట్లాంటాలోని తన చర్చిలో ఆయన చెప్పాడు. ఆ తర్వాత మూడు నెలలకు, అక్టోబరు 3న, అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశాడు. 1946 నుంచి అప్పటిదాకా భారతీయులకు ఉన్న కోటా ఏడాదికి 100 మంది. నల్లవారి హక్కుల పోరాటం దేశాన్ని కుదిపిన ఆ ఏళ్లలోనే జాతిని బట్టి కోటాలు పెట్టే పద్ధతి పోయింది. గుంటూరు, విశాఖ మెడికల్ కాలేజీల డాక్టర్లు మొదలుకొని, ఎన్నో ఏళ్ల తర్వాత హెచ్-1బి మీద దిగిన మా ఆయన వరకు, అందరం ఆ తలుపులోంచి వచ్చినవాళ్లమే. ఇక్కడికి మా తెలివితేటలతోనే వచ్చామని పార్టీల్లో చెప్పుకుంటుంటే నేనూ తలూపినదాన్నే.

మర్నాడు సాయంత్రం థింద్ సంగతీ, కేరళ సంగతీ దానికి చెప్పాను. అక్కడితో ఆపేద్దామనే అనుకున్నాను, కానీ పిల్లలు మనం ఆపిన చోట ఆగరు. "మీ ఊళ్లో కూడా అలా ఉండేదా?" అంది.

ఉండేది. కృష్ణా జిల్లాలో మా ఊరి బస్టాండు దగ్గర టీ హోటల్లో చూరుకింద విడిగా పెట్టిన గ్లాసులు ఉండేవి, వాటిలో తాగినవాళ్లే వాటిని కడిగి పెట్టాలి. రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దుచేసి అప్పటికే ముప్పై ఏళ్లు దాటింది. మా ఇంట్లో అయితే గ్లాసు కూడా లేదు. కోతల రోజుల్లో మా పాలేరు నీళ్లడిగితే, నాన్నమ్మ పెరటి అరుగు మీద నిలబడి చెంబు ఎత్తిపట్టి పోసేది, అతను కింద వంగి దోసిలి పట్టేవాడు. మోచేతుల మీదుగా కారిన నీళ్లకు అతని కాళ్లదగ్గర మట్టి తడిసి నల్లగా అయ్యేది. నన్ను ఎత్తుకొని చేలగట్లంతా తిప్పిన మనిషి అతను. నాకు అది చిన్నతనంలో వింతగా కూడా తోచలేదన్నదే దానితో చెప్పడానికి నాకు కష్టమైన మాట. మా నాన్నమ్మ దుర్మార్గురాలు కాదని చెప్పబోయి, ఇలాంటి మాటే ఇక్కడి తెల్లవాళ్లు కూడా తమ తాతల గురించి చెబుతుంటారని గుర్తొచ్చి ఊరుకున్నాను.

అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన పేరేంటి?" అని అడిగింది.

నాకు తెలియదు. మేమంతా పాలేరు అనేవాళ్లం. వెంటనే ఫోన్ చేయమంది. ఇండియాలో అప్పుడు తెల్లవారుజాము, అమ్మ పాలవాడి కోసం లేచే ఉంది. ఇన్నేళ్ల తర్వాత అతని పేరెందుకే అని ఆశ్చర్యపోయి, కాసేపు ఆలోచించి చెప్పింది, అతను పోయి చాలా కాలమైందని కూడా చెప్పింది. మా అమ్మాయి ఆ పేరును నోటుపుస్తకంలో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకొని, సరిగ్గా పలుకుతున్నానా అని అమ్మమ్మను రెండుసార్లు అడిగింది.