అదే పాట కాదు

"మీ దగ్గర పెళ్ళిళ్ళు పెద్దవాళ్ళు కుదురుస్తారు కదా, ఈ పాట నీకు అందదులే" అంది ఆవిడ. గట్టిగా కూడా అనలేదు. దుప్పటి మడత పెడుతున్న నా చేతుల వైపు చూస్తూ, ఉన్న సంగతి చెబుతున్నట్టు అంది. తిట్టి ఉంటే అంత గుచ్చుకునేది కాదు.

నేను లివర్‌పూల్‌లో ఒక కేర్ హోమ్‌లో, అంటే పెద్దవాళ్ళని చూసుకునే చోట పని చేస్తున్నాను. పొద్దున ఏడున్నరకి హ్యాండోవర్ తీసుకుంటే రాత్రి ఏడున్నరకి మళ్ళీ అప్పజెప్పేదాకా తీరిక ఉండదు. స్నానాలు చేయించాలి, మందులు వేసి చార్టులో సంతకం పెట్టాలి, మనిషిని ఎత్తే హాయిస్ట్‌తో మంచం మీంచి కుర్చీలోకి మార్చాలి, ఎక్కడ బజర్ మోగితే అక్కడికి పరిగెత్తాలి. ఆ మాట అన్న పెద్దావిడ ఉండేది అక్కడే, ఎనభై దాటాయి. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో సరదాగా నాటకాలు వేసుకునే బృందంలో కోరస్ పాడేదట. గదిలో ఒక అర నిండా సీడీలే. వాటిలో ఒకే పాటని ఎందరో పాడినవి ఉన్నాయి. ఆ రోజు ఒకటి అయ్యాక ఇంకోటి పెట్టమంది, పెట్టాను. మళ్ళీ అదే పాట. "ఇందాక విన్నదే కదా" అన్నాను, మాట కలపడానికి. "అదే పాట కాదు, నువ్వు వినడం లేదు" అని మొదలుపెట్టి మన పెళ్ళిళ్ళ దాకా వెళ్ళింది.

ఆ పాట 'ఇఫ్ ఐ లవ్డ్ యు', 'ఒకవేళ నిన్ను ప్రేమించి ఉంటే' అని. 1945లో న్యూయార్క్ మెజెస్టిక్ థియేటర్‌లో మొదలైన 'కరోసెల్' అనే సంగీత నాటకంలోది. సంగీతం రిచర్డ్ రాడ్జర్స్, మాటలూ పాటలూ ఆస్కర్ హామర్‌స్టీన్. లివర్‌పూల్‌ వాళ్ళకి ఈ నాటకంలోని ఇంకో పాట ప్రాణం. ఆన్‌ఫీల్డ్ స్టేడియంలో వేలమంది లేచి నిలబడి పాడే 'యు విల్ నెవర్ వాక్ అలోన్' కూడా ఇందులోదే. 1963లో ఈ ఊరి కుర్రాళ్ళు జెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్ పాడాక అది ఫుట్‌బాల్ పాట అయిపోయింది. ఈ ఊరికి వచ్చిన కొత్తలోనే నాకు అది నోటికొచ్చింది. ప్రేమ పాటని మాత్రం ఆవిడ గదిలోనే మొదటిసారి విన్నాను.

కథకి మూలం హంగేరీ రచయిత ఫెరెంత్స్ మోల్నార్ 1909లో రాసిన 'లిలియోమ్'. దాన్ని అమెరికాలో మెయిన్ రాష్ట్రపు సముద్ర తీరానికి, 1873కి మార్చారు. జూలీ బట్టల మిల్లులో మగ్గం మీద పని చేసే పిల్ల. బిల్లీ రంగులరాట్నం దగ్గర నిలబడి జనాన్ని పిలిచేవాడు. చీకటి పడ్డాక ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చుంటారు. మాటలు, మధ్యలో పాట, మళ్ళీ మాటలు. పది నిమిషాలకు పైనే సాగుతుంది ఆ రంగం. ఆ పాటలో ఇద్దరిలో ఎవరూ ప్రేమిస్తున్నానని అనరు. నిన్ను ప్రేమించి ఉంటే నాకు మాట పెగిలేది కాదు, భయంతో, సిగ్గుతో అవకాశాలన్నీ వదులుకునేదాన్ని, నువ్వు మంచులోకి వెళ్ళిపోయేవాడివి, నీకు ఎప్పటికీ తెలిసేది కాదు అంటుంది జూలీ. తర్వాత బిల్లీ కూడా అదే పాడతాడు.

ఇది నాకు అందదా?

మా నాన్న మా అమ్మతో ఆ మూడు మాటలు అన్నట్టు నేను ఎరగను. మా ఆయన నాతో అనలేదు, నేనూ అనలేదు. అనకపోతే లేనట్టా? ఆ రోజు ఇంటికి వెళ్ళే బస్సులో నాలో నేను ఆవిడకి జవాబు చెప్పుకుంటూనే ఉన్నాను. ఇక్కడ ఫోన్ పెట్టేసేటప్పుడు కూడా ప్రేమిస్తున్నానని చెప్పుకునేవాళ్ళకి ఈ పాట అంత గొప్పగా ఎందుకు అనిపించాలి? రోజూ పైకి చెప్పుకునేవాళ్ళకి, చెప్పలేకపోవడం వింతగా కనిపిస్తుందేమో. మనకి అది వింత కాదు. మన ఇళ్ళల్లో సగం సంసారాలు ఆ బెంచీ మీదే జరుగుతాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. దాని గురించి ఆవిడ ఒక్కసారి కూడా మాట్లాడలేదు. ఆ బెంచీ మీద కూర్చున్న ఇద్దరికీ ఆ సాయంత్రమే ఉద్యోగం పోయింది. రాట్నం యజమానురాలితో గొడవపడి బిల్లీ పోగొట్టుకున్నాడు. మిల్లు పిల్లలు మిల్లు వాళ్ళ వసతిలోనే ఉండాలి, రాత్రి వేళకి లోపలికి రాకపోతే పనిలోంచి తీసేస్తారు. మిల్లు యజమాని స్వయంగా అటు వచ్చి, ఇప్పుడు బయల్దేరితే క్షమిస్తానంటాడు. జూలీ కదలదు. అంటే ఆమె పాట మొదలుపెట్టేసరికి చేతిలో పని లేదు, తల దాచుకునే చోటు లేదు. పక్కనున్నవాడికీ లేదు. అలాంటప్పుడు "ఒకవేళ" అనడం సిగ్గు ఒక్కటే కాదు. తర్వాతి నెల ఎలా గడుస్తుందో తెలియనివాళ్ళు మనసులో మాట అలాగే అంటారు.

నాకు ఇది తెలుసు. వీసా స్పాన్సర్‌షిప్ మీద, అంటే పనిచ్చే యజమాని పూచీ మీద వచ్చినవాళ్ళందరికీ తెలుసు. నేను మొదట చేరిన చోట యాజమాన్యానికి అలా స్పాన్సర్ చేసే లైసెన్స్ పోయింది. అలా పోతే ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజులు ఇస్తారు. దొరక్కపోతే సామాను సర్దుకోవాల్సిందే. ఆ టెన్షన్‌లో ఉన్న రోజుల్లో మా ఆయనా నేనూ మెర్సీ నది ఒడ్డున ఆటర్‌స్పూల్ వైపు నడిచేవాళ్ళం. అప్పుల గురించి మాట్లాడుకోలేదు, ఏడవలేదు. "ఒకవేళ వెళ్ళిపోవాల్సి వస్తే మీ నాన్నగారికి ఏం చెబుదాం?" అన్నాడు ఒకరోజు. "ఒకవేళ నీ ఒక్కదానికే దొరికితే నువ్వు ఉండిపో, నేను వెళ్తాను" అన్నాడు ఇంకోరోజు. నేను దేనికీ సరైన జవాబు చెప్పలేదు. పెళ్ళయ్యాక అంత దగ్గరగా మాట్లాడుకున్నది ఆ రోజుల్లోనే. పెద్దవాళ్ళు కుదిర్చిన పెళ్ళే మాది.

అందుకే ఆ సీడీలు నాకూ కావలసినవయ్యాయి. ఆవిడ గదిలో పని ఉన్నప్పుడు ఒకటి పెట్టమంటుంది, నేను చేతులతో పని చేస్తూ చెవులు అటు పెడతాను. మిగతావి ఇంట్లో వెతుక్కుని విన్నాను.

మొదటి బిల్లీ జాన్ రేట్. జ్యాన్ క్లేటన్ జూలీ. రేట్‌ది ఛాతీ నిండా ఊపిరి తీసుకుని పాడే గొంతు. ఆవిడకి ఆయనంటే ప్రాణం. "వీడు గొప్పలు పోయేవాడు, గొప్పలు పోయేవాడు భయాన్ని కూడా గట్టిగానే పాడతాడు" అంటుంది. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఆ గొంతు వింటే వీడికి రేపు పొద్దున్నే ఇంకో పని దొరికిపోతుందన్న ధైర్యం వస్తుంది. 1956 సినిమాలో గోర్డన్ మెక్రే, షర్లీ జోన్స్ పాడారు. ఎక్కడా గరుకు లేని పాట, వినడానికి హాయి. హాయిగా ఉండటమే దానితో నాకున్న ఇబ్బంది.

ఆ సినిమాలో బిల్లీగా ముందు ఒప్పుకున్నది ఫ్రాంక్ సినాట్రా. షూటింగ్ దగ్గర తప్పుకున్నాడు. నాటకం వచ్చిన 1945లోనే ఆయన ఈ పాటని రికార్డుగా ఇచ్చాడు. మూడు నిమిషాల రికార్డులో బెంచీ లేదు, మిల్లు లేదు, జూలీ లేదు. ఒక్కడే మైకు దగ్గరగా, పక్కనే కూర్చుని చెబుతున్నట్టు పాడతాడు. కథ అంతా తీసేసినా ఆ సంకోచం మిగిలింది. 1985లో బార్బ్రా స్ట్రైసాండ్ 'ది బ్రాడ్‌వే ఆల్బమ్'లో పాడింది. ఎంత గొప్ప గొంతు! చివరికి వచ్చేసరికి ఆ గొంతు ఆకాశాన్ని అంటుతుంది. అంత పాడాక వినేవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? నీకు ఎప్పటికీ తెలియదు అనే పాటని ఊరందరికీ తెలిసేలా పాడకూడదు. ఈ ఒక్క విషయంలో మా పెద్దావిడా నేనూ ఒకటే మాట.

లండన్ నేషనల్ థియేటర్‌లో 1992లో నికొలస్ హైట్నర్ చేయించిన 'కరోసెల్'లో మైకేల్ హేడన్, జోవానా రైడింగ్ పాడారు. హేడన్‌ది రేట్ లాంటి పెద్ద గొంతు కాదు, నటుడి గొంతు. పై స్థాయికి వెళ్ళినప్పుడు బిగుసుకుంటుంది. ఆవిడ అది లోపం అంటుంది. నాకు మాత్రం బిల్లీ దొరికింది అందులోనే. జేబులో ఏమీ లేనివాడు పాడుతున్నట్టు ఉంటుంది. జూలీ అంటే నాకు కెల్లీ ఓహారా. 2013లో న్యూయార్క్ ఫిల్‌హార్మొనిక్ వాద్యబృందంతో నేథన్ గన్ పక్కన పాడింది. నోరు తెరవకముందే నిర్ణయం తీసేసుకున్న మనిషిలా ఉంటుంది. ప్రేమని దాచుకోవడం ఆమె పాటలో సిగ్గుగా వినిపించదు, ఎదుటివాడిని బెదరగొట్టకుండా ఉండటానికి చేస్తున్న పనిలా వినిపిస్తుంది. మా అమ్మ నాన్నతో ఏదైనా పెద్ద విషయం ఎత్తేటప్పుడు గొంతు అలాగే ఉండేది.

ఇదంతా తెనాలిలో అయితే ఎంతసేపు వాదించుకునేవాళ్ళం! మా తాతయ్య 'మీరజాలగలడా' గురించి మాట్లాడితే అన్నం చల్లారిపోవాల్సిందే. ముత్తరాజు సుబ్బారావు 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో సత్యభామగా వేసిన స్థానం నరసింహారావు ఆ పాట తానే రాసుకుని తానే పాడాడు. 1966 సినిమాలో జమునకి సుశీల పాడింది. మాకందరికీ సుశీలదే పాట. తాతయ్య ఒప్పుకునేవాడు కాదు. "సుశీలమ్మ పాటలో తీపి ఉంది. స్థానం వారి పాటలో అతిశయం ఉంది. మగవాడు ఆడవేషం కట్టి, మొగుడు నా మాట దాటలేడని పాడుతుంటే ఆ కులుకు చూడాలి. ఆ ఒక్క మాటనే తిప్పితిప్పి పాడేవాడు, తిప్పినప్పుడల్లా ఇంకో సత్యభామ కనిపించేది" అనేవాడు. జనం వన్స్‌మోర్ అంటూనే ఉండేవారట.

ఇది ఆవిడకి చెప్పాను. ఒకే పాటని ఇద్దరు పాడితే రెండు పాటలని మాకు ఎవరూ నేర్పనక్కర్లేదని కూడా చెప్పాను. కాస్త ఘాటుగానే వచ్చింది మాట. ఆవిడ ఏమీ అనుకోలేదు. సుశీల పాట వినిపించమంది, ఫోన్‌లో పెట్టాను. కళ్ళు మూసుకుని విని "ఈ అమ్మాయికి భయం లేదు" అంది. నిజమే. జూలీ ప్రేమని "ఒకవేళ"లో దాచుకుంటే సత్యభామ గర్వంలో దాచుకుంటుంది. తులాభారంలో ఏం జరుగుతుందో మనకి ముందే తెలుసు కాబట్టి ఆ గర్వం మరీ ముద్దొస్తుంది. పాడేవాళ్ళు మాత్రం తులసీదళం సంగతి తెలియనట్టే పాడాలి. దీనికి ఆవిడ వెంటనే తలూపింది. జూలీగా పాడేవాళ్ళు కూడా రెండో అంకం చదవనట్టే పాడాలంది.

రెండో అంకం దగ్గరే మాకు పడదు. పెళ్ళయ్యాక బిల్లీ జూలీని కొట్టిన సంగతి మొదటి అంకంలోనే తెలుస్తుంది. రెండో అంకంలో, చాలా ఏళ్ళ తర్వాత కూతురు, ఎవరైనా కొట్టినా నొప్పి పుట్టకుండా ఉంటుందా అని అడిగితే ఉంటుందంటుంది జూలీ. ఈ మాట మన ఊళ్ళల్లో చాలామంది ఆడవాళ్ళ నోట విన్నాను. అక్కడ విన్నప్పుడు ఎంత కోపం వచ్చిందో ఇక్కడ విన్నా అంతే వచ్చింది. "అప్పటి నాటకం అది" అంటుంది ఆవిడ. అప్పటిదైనా సరే, బిల్లీ పాడేవాడి గొంతులో ఆ చెయ్యెత్తే మనిషి ముందే కనిపించాలి. 2018లో బ్రాడ్‌వేలో జెస్సీ మ్యూలర్ పక్కన పాడిన జాషువా హెన్రీలో నాకు కనిపించాడు. బలమైన గొంతు, దాని అడుగున ఎప్పుడు పైకి వస్తుందో తెలియని కోపం.

అలా కొట్టిన కొన్నాళ్ళకి జూలీ కడుపుతో ఉందని తెలిసి, పని లేక, బిల్లీ దొంగతనానికి ఒప్పుకుంటాడు. దొరికిపోయి తన కత్తితోనే పొడుచుకుని చనిపోతాడు. ఒక్కరోజు కోసం భూమ్మీదికి వచ్చి, తనని చూడలేని జూలీ ముందు అదే పాట మళ్ళీ పాడతాడు. ఈసారి "ఒకవేళ" కాదు, అవకాశాలు నిజంగానే చేజారిపోయాయి. "వాడి పొగరే వాడిని చంపింది" అంటుంది ఆవిడ. పొగరు ఉంది, కాదనను. కానీ బెంచీ మీద కూర్చున్న రాత్రి పోయిన పని మళ్ళీ దొరికి ఉంటే ఆ కత్తి పట్టేవాడా అని అడిగాను. "నువ్వు దీన్ని ఉద్యోగం పాటగా మార్చేశావు" అంది.

మార్చలేదు, అందులో ఉన్నదే అన్నాను. ఈ వాదన ఇంకా తెగలేదు. ఆవిడ దగ్గర హెన్రీ పాడింది లేదు. ఈ శనివారం నాకు డ్యూటీ ఉంది, ఫోన్‌లో వినిపించి మళ్ళీ అడుగుతాను.