పెదవులు కలిసే చోట

కొత్త దర్శకుడు తీసిన తమిళ ప్రేమకథ తెలుగు డబ్బింగుకి వస్తే, కథేంటని అడిగే ముందు క్లోజప్‌లెన్నో చూసుకోవాలి. ఫైట్ల సినిమాలో ఒక్క మాట పూర్తయ్యేలోపు కెమెరా నాలుగు చోట్లకి దూకుతుంది, పెదవి తప్పినా అడిగేవాడుండడు. తొలి సినిమా తీసేవాళ్లకి మొహాల మీద నమ్మకం ఎక్కువ (క్రేన్‌కి డబ్బు తక్కువ కూడాననుకోండి). ముప్పై నలభై సెకన్లు ఒకే మొహం మీద ఆగిపోతారు. అంతసేపూ మాటలు రాసినవాడు దొరికిపోయినట్టే.

చెన్నైలో వడపళని, సాలిగ్రామం వైపు స్టూడియోల్లో ఈ పనికి దిగేవాళ్లు ముందు చేయాల్సింది, తమిళ డైలాగుని టైమ్‌కోడ్ (సినిమాలో అది వచ్చే సమయం) పక్కన తెలుగు లిపిలో రాసుకోవడం. నిర్మాత ఇచ్చిన స్క్రిప్టు చూసి కాదు, చెవికి వినబడినట్టు. నటులు సెట్లో మార్చేసి ఉంటారు కాబట్టి కాగితాన్ని నమ్మకూడదు. తర్వాత ప, బ, భ, మ ఎక్కడున్నాయో వాటికి సున్నా చుట్టాలి. పెదవులు పూర్తిగా మూసుకునేది అక్కడే. వ, ఫ దగ్గర కింది పెదవి పళ్లకి తగులుతుంది, అది క్లోజప్‌లో మాత్రమే తెలుస్తుంది. మిగతా హల్లులన్నీ నోటి లోపలి వ్యవహారం, వాటిని ఎలాగైనా సర్దుకోవచ్చు. ఇక్కడో చిన్న మోసం ఉంది. తమిళంలో మాట చివరి 'మ్' రాతలోనే గానీ వాడుకలో పెదవి మూయదు. 'అప్పురం' అన్నది నోట్లో 'అప్పురొఁ' అయిపోతుంది. కాబట్టి చివరి మకారానికి సున్నా చుట్టకండి.

ఒక్క డైలాగు దగ్గర పెట్టి చూద్దాం. హీరోయిన్ కెమెరా వైపు తిరిగి 'ఎనక్కు ఉన్న పుడిచ్చిరుక్కు' అంటుంది. మొత్తం పది అక్షరాలు, ఆరోది 'పు'. కొత్తవాళ్లు వెంటనే 'నాకు నువ్వంటే ఇష్టం' అని రాసేస్తారు. అర్థం సరే. కానీ ఆమె పెదవులు మధ్యలో కలిసి, చివర ఉకారంతో తెరుచుకుని ఉంటాయి. మన గొంతు మధ్యలో కలవదు, చివర 'ష్టం' అని మూతపడుతుంది. చూసేవాడికి కారణం తెలియకపోయినా అతికించిన గొంతని పట్టేస్తాడు. 'నాకైతే నువ్వు భలే నచ్చావు' అని చూడండి. పదక్షరాలు, ఆరోది 'భ', చివర ఉకారం. అచ్చం సరిపోయింది. అయితే 'భలే'లో కాస్త అల్లరుంది. ఏడుస్తూ చెప్పే సీన్లో ఇది పనికిరాదు. అప్పుడు ఆ వాక్యం హీరోయిన్ భుజం మీదుగా తీసిన షాట్లోకి జరుగుతుందేమో చూసి, ఆమె మొహం కనబడని చోట 'ఇష్టం' వాడుకోవాలి.

చిన్న మాటలే ఎక్కువ ఏడిపిస్తాయి. 'సొల్లుంగ'కి 'చెప్పండి' అని రాయబోతే 'ప్ప' అడ్డం పడుతుంది. అక్కడ 'ఏంటండీ' నయం. ఫోన్లో ప్రేమికులు పది నిమిషాలకోసారి అనే 'అప్పురం?'కి 'తర్వాత?' అని రాసేవాళ్లున్నారు, అది పాఠం చెప్పించుకుంటున్నట్టుంటుంది. 'చెప్పింకా' అంటే 'ప్పు' మీద 'ప్పి' కూర్చుంటుంది, మాటా మనదే. ఇక చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లు జాగ్రత్తపడాల్సింది 'అవసరం' దగ్గర. తమిళంలో దానర్థం తొందర. వెళ్లిపోతున్న అమ్మాయిని ఆపుతూ హీరో 'ఎన్న అవసరం?' అంటే 'ఏంటంత తొందర?' అని. దాన్ని 'ఏం అవసరం?' అని వదిలేస్తే ప్రేమికుడు కాస్తా గొడవకి దిగినట్టవుతుంది.

అసలు ప్రేమకథ నిలబడేదీ పడేదీ పిలుపుల మీద. 'నీంగ' నుంచి 'నీ'లోకి ఏ సీన్లో దిగారో వెతికి, మీరు నుంచి నువ్వులోకి అదే వాక్యంలో దింపాలి. ఒక్క సీను ముందు దింపినా దర్శకుడు దాచుకున్నది బయటపడిపోతుంది. హీరో స్నేహితుడితో ఆమె గురించి 'అవ' అంటే 'అది' అని రాయకూడదు. 'ఆమె' అంటే పుస్తకం వాసన. 'తను' అనండి. హీరోయిన్ ముద్దుగా అనే 'డా'కి 'రా' అనేది క్లాస్‌మేట్ల మధ్య అయితే నప్పుతుంది, పెళ్లిచూపుల కథలో నప్పదు. పల్లెటూరి 'మామా'కి 'బావా' రాసేయొచ్చు, మొదటి అక్షరంలో పెదవి ఎలాగూ కలుస్తుంది.

రికార్డింగులో సెకనుకి 24 ఫ్రేములు. మాట మూడు ఫ్రేములు వెనకబడితే కన్ను క్షమిస్తుంది. రెండు ఫ్రేములు ముందుకొస్తే క్షమించదు, ఎందుకంటే లోకంలో చూపు తర్వాతే చప్పుడు అందుతుంది. అనుమానంగా ఉంటే వెనక్కే జరపండి. గుసగుసల్ని గొంతు పెంచి చెప్పించి తర్వాత వాల్యూమ్ తగ్గిస్తే రేడియో నాటకమవుతుంది. మైక్‌ని జానెడు దూరంలోకి తెచ్చి, 'ప' పేలకుండా పాప్ ఫిల్టర్ పెట్టి, నిజంగానే గుసగుసలాడించాలి.

డబ్బంతా మింగేది ఇంకోటుంది. సింక్ సౌండ్‌లో, అంటే సెట్లోనే మాటలు రికార్డు చేసి తీసిన సినిమాలో డైలాగు తీసేస్తే దాంతోపాటు ఫ్యాను చప్పుడు, గాజుల గలగల, వీధి హోరు కూడా పోతాయి. సంగీతం, ఎఫెక్టులు విడిగా ఉండే ఎం అండ్ ఈ ట్రాక్ తయారుచేయడం తొలి నిర్మాతలకి తరచూ గుర్తుండదు. ఒప్పందం మీద సంతకం పెట్టకముందే అది అడగాలి. లేదంటే ఫోలీ, అంటే స్టూడియోలో చేసి పట్టే ఆ చప్పుళ్లన్నీ, మళ్లీ చేయించాలి.

పాట కుదరడం అదృష్టం. 1992లో 'రోజా'కి వైరముత్తు రాసిన 'చిన్న చిన్న ఆసై' తెలుగులో రాజశ్రీ చేతిలో 'చిన్ని చిన్ని ఆశ' అయింది. ఆరక్షరాలకి ఆరు, అర్థమూ అదే. ప్రతిసారీ అలా కలిసిరాదు.

ఊరి పేరు మార్చే పాత అలవాటు మాత్రం మానేయాలి. '96' అనే తమిళ సినిమాతో 2018లో దర్శకుడైన సి. ప్రేమ్‌కుమార్ తనే 2020లో దాన్ని తెలుగులో 'జాను'గా మళ్లీ తీశారు. రీమేక్‌లో ఊరు ఎక్కడైనా పెట్టుకోవచ్చు. డబ్బింగులో వెనక బస్సు మీద టీఎన్ నంబరు కనబడుతుంటే తంజావూరుని తెనాలి అనడం దేనికి? తెర నిండా చూపించే ప్రేమలేఖ సంగతీ అంతే. తమిళ ఉత్తరాన్ని హీరోయిన్ గొంతులో చదివిస్తే చవకగా అయిపోతుంది గానీ, దర్శకుడు అక్కడ పెట్టుకున్న నిశ్శబ్దం పోతుంది. కింద రెండు లైన్ల తెలుగు సబ్‌టైటిల్ వేసి ఊరుకోండి.