పేర్లు కొట్టే మిషన్: గిలాస నుంచి గ్రానైటు దాకా

గిన్నెల దుకాణంలో బిల్లు కట్టగానే "ఏం పేరు రాయాలె?" అని అడిగే మనిషి చేతిలో జుయ్యిమంటుందే, ఆ పెన్ను ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరైనా తెప్పించుకోవచ్చు. తెప్పించుకున్నవాళ్లు మొదట చేసే తప్పు ఒకటే, బాల్‌పెన్నులాగ అదిమి రాయడం.

కరెంటు ప్లగ్గుతో నడిచే ఈ రకంలో తిరిగేదేమీ ఉండదు. లోపల ఒక కాయిల్, దాని ముందు స్ప్రింగు మీద ఇనుప ముక్క, చివర కార్బైడ్ ముల్లు, అంటే ఉక్కు కన్నా గట్టి ముల్లు. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ముల్లు సెకనుకు 100 సార్లు, నిమిషానికి 6,000 సార్లు కొడుతుంది. మనకు గీతలా కనిపించేది నిజానికి చుక్కల వరుస. అదిమితే ముల్లు వెనక్కి లేవడానికి జాగా ఉండదు, దెబ్బ చచ్చిపోతుంది. లోతు కావాలంటే దెబ్బ బలాన్ని మార్చే డయల్ పెంచాలి, లేదా చేతిని నిదానంగా జరపాలి. డయల్ ఎంత దాకా పెంచొచ్చో చెవే చెప్తుంది. సన్నని జుయ్యి పోయి టకటక మొదలైందంటే లోపలి ముక్క అంచుకు తగులుతోందన్నమాట, కొంచెం వెనక్కి తిప్పండి. ఊళ్లలో మోటార్లు నడిచే వేళ వోల్టేజీ పడిపోతే దెబ్బ పలచబడుతుంది. అప్పుడు డయల్ పెంచి పని చేస్తుంటే, వోల్టేజీ తిరిగి వచ్చిన క్షణంలో అక్షరం మధ్యలోనే గీత లావైపోతుంది. ఆగడమే మేలు. పది పదిహేను నిమిషాలకోసారి ఎలాగూ ఆపాలి, కాయిల్ వేడెక్కుతుంది.

స్టీలు మీద అసలు కష్టం గట్టిదనంతో కాదు, పలచదనంతో. గిలాస రేకు డప్పులాగ ముల్లుతోపాటే ఎగురుతుంది, దాంతో ఒక గీత రెండుగా పడుతుంది. లోపల ఇసుక మూట బిగుతుగా కుక్కండి, లేదా తడి గుడ్డ నింపండి. గిలాసకు డయల్ 1, బగోనకు 2, టెంట్ హౌస్ గంజులాంటి మందం సరుకుకు 3 నుంచి మొదలుపెట్టి చూసుకోవచ్చు. మిషన్‌ను మరీ నిలువుగా కాకుండా కొంచెం వాల్చి, చిటికెన వేలును గిన్నెకు ఆనించి పట్టుకోవాలి. గుండ్రటి చోట చేతిని కాదు, గిన్నెను తిప్పాలి.

తెలుగు అక్షరాలకు ఇంకో చిక్కు ఉంది. 'రాజేశ్వరి'లో 'శ్వ' చూడండి. అక్షరం ఎత్తు 8 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే వత్తు సున్న పూడుకుపోయి మచ్చ అవుతుంది. సున్నను ఒక్క చుట్టులో గీయొద్దు. మొదలుపెట్టిన చోటికి ముల్లు మళ్లీ వచ్చి గుంట పడుతుంది. పైనుంచి ఎడమ సగం, మళ్లీ పైనుంచి కుడి సగం, కింద వెంట్రుక వాసి ఖాళీతో ఆపండి. తలకట్లు చివర్లో పెట్టండి. ముందుగా మార్కర్‌తో రాసుకుంటే వరుస వంకర పోదు.

ఇత్తడి మెత్తన, గీత హాయిగా దిగుతుంది. కానీ అంచుల్లో పొక్కు లేస్తుంది, వేలికి గీసుకుంటుంది. సన్నటి నీటి కాగితంతో ఒక్కసారి తుడిస్తే చాలు. పెంబర్తిలో రేకు మీద నగిషీ పని చేసేవాళ్లు రేకు కింద లక్క పరుస్తారు కదా, ఇక్కడ ఇసుక మూట చేసే పనీ అదే. అల్యూమినియం ఇంకా మెత్తన, డయల్ 1 దాటొద్దు. కుక్కర్ మూత జోలికి, ముఖ్యంగా గ్యాస్కెట్ కూర్చునే అంచు జోలికి అసలు పోవద్దు. పిడి మీద రాయండి. క్రోమ్ పూత ఉన్న వస్తువులో గీత పడ్డచోటి నుంచే తుప్పు మొదలవుతుంది. గ్యాస్ సిలిండర్ మీద పెయింటు తప్ప ఇంకేదీ వద్దు.

గ్రానైటుకు కార్బైడ్ ముల్లు పెడితే కొన్ని అక్షరాలకే మొద్దుబారుతుంది, డైమండ్ ముల్లు మార్చండి. సన్నటి రేణువులున్న నల్ల రాయి మీద పాలిష్ చిట్లిన చోటల్లా తెల్లగా మెరుస్తుంది, రంగు అవసరం లేదు. రామప్ప శిల్పాల్లో వెంట్రుకంత గీత నిలిచిందన్నా ఆ నల్ల డోలరైట్ రేణువు అంత సన్నం కాబట్టే. కరీంనగర్‌లో దొరికే టాన్ బ్రౌన్ అనే గ్రానైటు అలా కాదు. దాని పెద్ద పెద్ద గోధుమరంగు మచ్చల్లో తెల్ల గీత కలిసిపోతుంది, అందుకే లోతుగా కొట్టి ఎనామిల్ రంగు నింపాల్సిందే. పైన అంటిన రంగును గీతకు అడ్డంగా గుడ్డతో తుడవండి, గీత వెంట తుడిస్తే లోపలి రంగు కూడా ఊడొస్తుంది. లోతు సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి రాయిని తడపండి. తడిసినప్పుడు అక్షరం మాయమైతే ఇంకా పైపైనే ఉన్నట్టు. రాతి పొడి ఊపిరితిత్తులకు చేటు, ఎన్95 మాస్కు లేకుండా కూర్చోవద్దు.

గాజుకు ఈ కొట్టే మిషన్ కన్నా, చార్జింగ్‌తో నడిచే తిరుగుడు రకం నయం. డైమండ్ బర్ (తిరుగుతూ గీసే చిన్న మొన) పెట్టి, గీసేచోట నీటి చుక్క వేస్తూ, తేలిగ్గా రెండు మూడు సార్లు పోనివ్వాలి. టఫెన్డ్ గాజును, అంటే వేడి చేసి గట్టిపరచిన గాజును ముట్టుకోవద్దు. ఒక్క లోతు గీతకే పలక మొత్తం చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. ప్లాస్టిక్ మీద బర్ వేగం ఎక్కువైతే కోసేబదులు కరిగి అంటుకుంటుంది. కర్రకు కూడా తిరుగుడు రకమే, కొట్టే ముల్లు పీచును నలుపుతుందంతే.

పొలం మోటారుకు దొంగల భయం ఉంటే పేరు, ఫోన్ నంబరు నేమ్‌ప్లేటు మీద కొట్టొద్దు, దాన్ని నిమిషంలో ఊడదీస్తారు. పోత ఇనుము భాగం మీద పెయింటు గీకి, డయల్ 4లో, అక్షరం 15 మిల్లీమీటర్లకు తగ్గకుండా రెండుచోట్ల కొట్టి, తుప్పు పట్టకుండా మళ్లీ రంగు పూయండి. రంగు కింద కూడా నంబరు వేలికి తగలాలి. తగలకపోతే ముల్లు మొద్దుబారినట్టే. కార్బైడ్‌ను మామూలు ఆకురాయి అరగదీయలేదు, డైమండ్ ఫైలుతో తిప్పుతూ మళ్లీ మొన తీయాలి.