మాల తీసిన తర్వాత

తాగుడు మానాలనుకునేవాడికి మా వైపు దొరికే సలహా ఒకటే: మాల వేసుకో. నేనూ వేసుకున్నాను. మెడలో మాల ఉన్నన్నాళ్లూ చుక్క ముట్టలేదు, ఆ భక్తి నిజమైనదే. కానీ శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీసిన సాయంత్రం ఎట్లా గడపాలో చెప్పే మనిషి నాకు కావాలి. తాగి, మానేసి, అలాంటి సాయంత్రాలు దాటినవాడికే అది తెలుస్తుంది. తాగుడు మానాలనుకునేవాళ్లు కూడి ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుల్లో నాకు దొరికింది ఆ మనుషులే.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాను. పేరు రాయను, బయట పేరు చెప్పకపోవడం ఈ మీటింగుల పద్ధతి.

ముందు ఒక మాట. రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేయకండి. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులకు లేనివి కనిపించి ప్రాణం మీదికి వచ్చేవాళ్లూ ఉన్నారు. డాక్టర్ దగ్గరికి పోతే మందులు, బి1 విటమిన్ ఇచ్చి ఆ రోజులు గట్టెక్కిస్తారు. కల్లు కాంపౌండుకు పోయేవాళ్లు ఇంకా జాగ్రత్త. చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు. మందు కల్లులో ఆల్ప్రాజోలం, డైజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. అది ఒక్కసారే ఆగితే మెడ నిలవదు, మాట తడబడుతుంది, మనిషి పిచ్చిగా ప్రవర్తిస్తాడు. జడ్చర్ల దగ్గర మా పెద్దమ్మకు అట్లయితే ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించారు. ఆమెకు కావలసింది ఆస్పత్రి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, మత్తు మాన్పించడానికి ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు. మనసు బాగాలేనప్పుడు టెలి మానస్ 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీటింగుల సంగతి నాకు చెప్పింది మందులిచ్చిన డాక్టరే. ఇంటర్నెట్‌లో ఆల్కహాలిక్స్ అనానిమస్ ఇండియా అని వెతికితే ఫోన్ నంబర్ దొరికింది. ఎత్తినాయన నా కులం, జీతం, ఎంత తాగుతానో ఏదీ అడగలేదు. "మానాలని ఉందా?" అన్నాడు. సభ్యుడు కావడానికి అదొక్కటే షరతు. ఫీజు లేదు, ఫారం లేదు. మీటింగు చివర్లో ఒక సంచి తిప్పుతారు, ఇష్టమైతే పదో ఇరవయ్యో వేయొచ్చు. బయటివాళ్ల విరాళాలు వాళ్లు తీసుకోరు.

ఆదివారం పొద్దున రైలెక్కి సికింద్రాబాద్ పోయాను. చర్చి కాంపౌండులో గది అనగానే నా భార్యకు టెన్షన్, మతం మార్చేవాళ్లేమోనని. గది అద్దెకు తీసుకున్నారంతే. అక్కడ దైవం అంటే ఎవరు నమ్మిన దైవం వాళ్లది. నా పక్కన కూర్చున్నాయన నుదుట విభూతి ఉంది, ఎదురుగా ఒక ముస్లిం పెద్దమనిషి. గుమ్మం దగ్గరే నిలబడిపోయిన నన్ను చూసి ఆయనే "తమ్మీ, ముందు చాయ్ తాగు" అన్నాడు.

ఒక్కొక్కరు లేచి పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని, తమ కథ చెప్పారు. మధ్యలో ఎవరూ అడ్డు రాలేదు. తిట్టలేదు, నీతులు చెప్పలేదు. భార్య పుస్తెలతాడు కుదువ పెట్టినాయన ఆ మాట చెప్తుంటే నేను తల ఎత్తలేకపోయాను. ఆ రోజు నేను మాట్లాడలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు.

ఈ పద్ధతి 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో మొదలైంది. పని మీద అక్కడికి వెళ్లిన షేర్ల వ్యాపారం మనిషి బిల్, ఆ పని చెడిపోయి మళ్లీ తాగుతానేమోనని భయపడ్డాడు. మాట్లాడటానికి ఇంకో తాగుబోతు కావాలని ఊరంతా ఫోన్లు చేశాడు. అట్లా దొరికిన మనిషి డాక్టర్ బాబ్. బిల్ వెతికింది బాబ్‌ను బాగు చేయడానికి కాదు, తాను నిలబడటానికి. నాకు ఈ సంగతే అన్నిటికంటే ముఖ్యం. ఆ ముస్లిం అన్న నాకు ఫోన్ చేసిన ప్రతిసారీ "నువ్వు ఎత్తితే నాకు మేలు" అంటాడు. మొదట మర్యాదకు అంటున్నాడనుకున్నా. ఇప్పుడు నేను వేరేవాళ్లకు చేస్తున్నాను కాబట్టి అర్థమైంది.

ప్రతి వారం సికింద్రాబాద్ పోవడం కుదరదు. సీజన్‌లో మిల్లుకు సెలవు ఉండదు. ఆ రాత్రుల్లో ఫోన్‌లో జూమ్ మీటింగు వింటాను. ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి. నా భార్య అక్కడి ఆమెతో మాట్లాడిన తర్వాత నా జేబులు వెతకడం మానేసింది, ఆమె మొహంలో కొంచెం తెరిపి వచ్చింది.

కష్టమంతా దావత్‌ల దగ్గర. బోనాలకు సాక పోసినప్పుడు, దినాల నాడు, "పండుగ పూట కూడా వద్దంటవా బావా" అని మా బామ్మర్ది గ్లాసు పెడతాడు. పోయేముందే ఒక ఫోన్ చేస్తాను, తిన్న వెంటనే లేస్తాను, తిరిగొచ్చి ఇంకో ఫోన్. ఈ ఒక్క రోజుకు తాగను అని మాత్రమే అనుకుంటాను.

చిన్న ఊళ్లో మీటింగుకు పోతుంటే ఎవరైనా చూస్తారనే భయం పెద్దది. నాకూ ఉండేది. కానీ తాగి రోడ్డు మీద పడ్డప్పుడు అందరూ చూసిందే కదా అని నా భార్య అంది.

ఇప్పుడు మిర్యాలగూడలో నాతో పాటు ఒక ఆటో డ్రైవర్, నల్లగొండ నుంచి ఒక టీచర్ సార్ ఉన్నారు. మానాలన్న కోరికతో ఇద్దరు ముగ్గురు కూడితే చాలు, దాన్ని గ్రూపు అనవచ్చంటారు. వారానికి ఒక గంట గది కోసం అడుగుతున్నాం. అద్దె మేమే ఇస్తాం. బస్టాండ్‌కు దగ్గర్లో ఉంటే హాలియా, నేరేడుచర్ల నుంచి వచ్చేవాళ్లకు కూడా తేలిక.