తమ్ముడు సిలువ తీయించుకున్నాడు, నేను చెవులు కుట్టించుకున్నాను

మా క్రైస్తవ సంఘం ఆడవాళ్లను ఎక్కడైనా ఇట్టే గుర్తుపట్టొచ్చు. తెల్లచీర, తల మీద ముసుగు, బోసి చెవులు, బోసి మెడ. ఆడపిల్ల పుడితే చెవులు కుట్టించరు. నాకూ కుట్టించలేదు. పరకాల దగ్గర మా ఊళ్లో బడికి వెళ్లే రోజుల్లో "నీకు కమ్మలు లేవేందే?" అని అడగని పిల్ల లేదు. "మేము దేవుని బిడ్డలం" అని అమ్మ నేర్పిన జవాబే చెప్పేదాన్ని. కమ్మలు పెట్టుకున్నవాళ్లు మరి ఎవరి బిడ్డలో అప్పట్లో ఆలోచించలేదు.

హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాక పెళ్లి కుదిరింది. అబ్బాయి వాళ్లది డోర్నకల్ వైపు, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. అజరయ్య బిషప్ గారి కాలం నుంచి క్రైస్తవులమని గొప్పగా చెప్పుకునే ఇల్లు. ఆయన 1912లో అక్కడ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు. ఆ ఇంటి ఆడవాళ్లకు చెవులకు బుట్టలుంటాయి, మెడలో సిలువ బిళ్లతో తాళి ఉంటుంది, నల్లపూసలుంటాయి. మేము చదివే బైబిలే వాళ్లూ చదువుతారు. మాటలు ఖాయమైన రోజే కాబోయే అత్తగారు నా చెవుల వైపు చూసి, "పెళ్లికల్లా కుట్టించుకో అమ్మా, దుద్దులు నేను పెడతా" అన్నారు. అందులో బలవంతం ఏమీ లేదు. నిజం చెప్పాలంటే చిన్నప్పటి నుంచి నాకూ ఇష్టమే. ఆవిడ మాటతో నాకో సాకు దొరికింది, అంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే తమ్ముడు చేతి మీదున్న సిలువ టాటూ తీయించుకునే పనిలో పడ్డాడు. కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాడు. అమ్మకు మా ఇద్దరితో ఒకేసారి వచ్చింది తలనొప్పి. "ఒకడు పైసలిచ్చి తీపిచ్చుకుంటాండు, ఒకతి పైసలిచ్చి కుట్టిచ్చుకుంటాంది. నడుమ నేనేం జెయ్యాలె ప్రభువా!" అని వంటింట్లో పైకే అనేది, మేం వినాలని.

ముందు తమ్ముడి సంగతి చెబుతా. వాడు డిగ్రీలో ఉండగా హన్మకొండ చౌరస్తా దగ్గర వేయించుకున్నాడు ఆ టాటూ. కుడి మణికట్టు లోపలి వైపు, అంగుళం పొడవు నల్ల సిలువ. కుడి చెయ్యే ఎందుకంటే, ఈజిప్టులో కోప్టిక్ క్రైస్తవులు కుడి మణికట్టు మీదే చిన్న సిలువ పొడిపించుకుంటారని ఫోన్లో చూశాడు. అది నిజమే. ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశంలో తాము ఎవరో చెప్పుకునే గుర్తు అది, పిల్లలకు కూడా పొడిపిస్తారు. యెరూషలేములో రజ్జూక్ అనే కుటుంబం తరతరాలుగా యాత్రికులకు పచ్చబొట్లు వేస్తోంది, ఏడు వందల ఏళ్ల నాటి వృత్తి అని వాళ్లు చెప్పుకుంటారు. ఇథియోపియాలోనైతే నుదుటి మీదే సిలువ పొడిపించుకున్న ఆడవాళ్లుంటారు. తమ్ముడు ఆ ఫొటోలన్నీ అమ్మకు చూపించాడు. "వాళ్లది వాళ్లకు, మనది మనకు" అని ఫోన్ పక్కన పెట్టింది.

సంఘంలో మాత్రం పెద్ద గొడవే అయింది. పచ్చబొట్లు పొడుచుకోవద్దనే లేవీయకాండం 19వ అధ్యాయం 28వ వచనం అందరూ ఎత్తుతారనుకున్నాం. ఎత్తారు కూడా. కానీ వాళ్లను నిజంగా భయపెట్టింది ఆ చెయ్యి. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో, దేవుడికి ఎదురు తిరిగే మృగం ముద్ర కుడిచేతి మీద గానీ నొసటి మీద గానీ వేస్తారని ఉంటుంది. ఉపవాస కూడిక అయిపోయాక ఒక పెద్దమ్మ వాడి చెయ్యి పట్టుకుని, "కుడి చెయ్యే దొరికిందారా బిడ్డా నీకు?" అని ఏడ్చినంత పని చేసింది. వీడు ఊరుకుంటాడా? "తర్వాతి అధ్యాయం సూడు పెద్దమ్మా, గొర్రెపిల్లతోటి ఉన్న 1,44,000 మందికి నొసళ్ల మీద తండ్రి పేరు రాసి ఉంటది. ముద్రలు అటు దిక్కు గూడ ఉన్నయ్" అన్నాడు. ఆమె తృప్తి పడలేదు. వాడిని యూత్ క్వయర్‌లో వెనక వరుసకు పంపారు.

చివరికి ఆ టాటూ తీయించింది సంఘం కాదు, సర్కారు. కేంద్ర బలగాల వైద్య పరీక్ష నియమాల్లో టాటూకి ఒక లెక్క ఉంది. మతచిహ్నం గానీ పేరు గానీ అయితే ఫర్వాలేదు. ముంజేతి లోపలి వైపు అయితే ఎడమ చేతికే ఉండాలి, అది సెల్యూట్ కొట్టని చెయ్యి కనుక. లేదా అరచేతి వెనక ఉండొచ్చు. సైజు ఆ భాగంలో నాలుగో వంతుకు మించకూడదు. అంటే సిలువ పనికొస్తుంది, కుడి ముంజెయ్యి పనికిరాదు. పెద్దమ్మకు ఈ సంగతి చెబితే, "సూసినవా, నేనేమన్న?" అంది.

హన్మకొండలో ఒక స్కిన్ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లా. ఆమె ముందే చెప్పింది: ఒక్క సిట్టింగ్‌తో పోదు, మధ్యలో ఆరు నుంచి ఎనిమిది వారాల గ్యాప్ ఇవ్వాలి, పరీక్షల తేదీ చూసుకుని మొదలుపెట్టండి అని. లేజర్ ఇంకును చర్మం లోపలే సన్నటి పొడిగా చిట్లగొడుతుంది. ఆ పొడిని మన ఒంట్లోని కణాలే కొద్దికొద్దిగా మోసుకుపోతాయి. గ్యాప్ అందుకే. నలుపు తొందరగా పోతుంది, ఆకుపచ్చ లాంటి రంగులు మొండికేస్తాయి. మనలాంటి చామనఛాయ చర్మానికి ఇంకు పోయిన చోట తెల్లమచ్చ మిగిలే ప్రమాదం ఉంటుంది కనుక పవర్ తగ్గించి మొదలుపెడతానంది. మొద్దుబారే క్రీమ్ రాసి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి కూర్చోబెట్టారు. లేజర్ పడిన చోటల్లా సిలువ గీత తెల్లగా పొంగింది, కాసేపటికి ఆ తెలుపు దిగిపోయి ఎర్రగా వాచింది. క్రీమ్ రాసినా, వేడి నూనె చిట్లి పడ్డట్టే ఉందన్నాడు వాడు. వేయించుకున్నప్పటి కంటే తీయించుకోవడానికి ఎన్నో రెట్లు ఖర్చయింది. ఎంతో రాయను, అమ్మ చదువుతుంది.

ఇక నా సంగతి. చెవులు కుట్టించుకునే ముందు మా పాస్టరు అయ్యగారితో మాట్లాడాలని అమ్మ షరతు పెట్టింది. నేను వాదనకు సిద్ధమై వెళ్లా. ఆదికాండం 24లో అబ్రాహాము దాసుడు రిబ్కాకు ముక్కుకు కమ్మి, చేతులకు కడియాలు పెడతాడు. యెహెజ్కేలు 16లో దేవుడే యెరూషలేముతో నీకు ముక్కుకమ్మి, చెవిపోగులు పెట్టించానంటాడు. నిర్గమకాండం 21లో యజమానిని విడిచిపోనన్న దాసుడికి తలుపు దగ్గర నిలబెట్టి చెవి గుచ్చుతారు. ఎదురు చెప్పే వాక్యాలూ ఉన్నాయి, అవీ రాసుకున్నా. యాకోబు ఇంటివాళ్లు అన్యదేవతలతో పాటు చెవిపోగులు కూడా తీసిస్తే అతను వాటిని షెకెము దగ్గర చెట్టు కింద పాతిపెట్టాడు. ఇశ్రాయేలీయులు మొక్కిన బంగారు దూడను పోసింది చెవిపోగులు కరిగించే. ఆడవాళ్లకు బంగారు నగలు అలంకారం కాకూడదనే 1 పేతురు 3వ అధ్యాయమైతే మా సంఘం ఆడవాళ్లందరికీ కంఠతా వచ్చు. కానీ అందులో బంగారు నగలకు ముందు జడలు అల్లుకోవడం, తర్వాత వస్త్రాలు ధరించుకోవడం కూడా ఉన్నాయి. మాలో జడ వేసుకోనిది ఎవరు? లోపలి అలంకారం ముఖ్యమని చెప్పే వచనం అది అని నా వాదన.

లేవీయకాండం 19 గురించి కూడా అడిగా. పచ్చబొట్లు పొడుచుకోవద్దన్న మాట, చనిపోయినవాళ్ల కోసం ఒళ్లు కోసుకోవద్దన్న మాట పక్కపక్కనే ఒకే వచనంలో ఉన్నాయి. చుట్టుపక్కల జనాల చావు ఆచారాల గురించి చెప్పిందని చాలామంది బోధకులు అంటారు. దానికి ముందు వచనమే గడ్డం పక్కలు గొరిగించుకోవద్దంటుంది. మా సంఘపెద్దలందరివీ నున్నటి గడ్డాలే! అలాగని ఆ అధ్యాయం మొత్తం పాతదని కొట్టిపారేయలేం, నీ పొరుగువాణ్ని నీలాగే ప్రేమించు అన్నదీ అందులోదే.

అయ్యగారు అంతా విన్నారు. గడ్డం మాటకు నవ్వారు కూడా. "ఈ వచనాలు నేను జదవలేదనుకున్నవా బిడ్డా?" అన్నారు. తర్వాత మా అమ్మమ్మ సంగతి చెప్పారు. బాప్తిస్మం తీసుకున్న రోజు ఆమె కమ్మలు, మెట్టెలు తీసి అత్త చేతుల్లో పెట్టిందట. పూజలో పెట్టి, పసుపు కుంకుమ చల్లి ఇచ్చిన బంగారం అది. ఇవి ఉంచుకుంటే నేను మారినట్టు ఎవరికీ తెలియదు అందట. ఆ ఇంటివాళ్లు చాలా రోజులు ఆమెను బాయికాడికి రానివ్వలేదు. "గప్పుడు గా బోసి చెవులే ఆమె సాక్ష్యం. నువ్వు వచనాలు తెచ్చినవ్, బాగనే ఉన్నయ్. మీ అమ్మకు చెవులు బోసిగుండుడు అంటే వచనం కాదు, వాళ్లమ్మ."

దీనికి నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో ఎవరూ నాకు ఈ కథ ఇంత వివరంగా చెప్పలేదు. మా అమ్మ కూడా.

కానీ ఒక ప్రశ్న మిగిలింది, అడిగేశా. అమ్మమ్మ రెండు ముంజేతుల మీద పచ్చబొట్లుండేవి. ఒక చేతికి తేలు బొమ్మ, ఇంకో చేతికి చుక్కల వరుస. పెళ్లికి ముందు ఊళ్లోకి వచ్చిన ఎరుకల ఆమె పొడిచినవి. ఆ చేతులతోనే బాప్తిస్మం తీసుకుంది, ఆ చేతులతోనే ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధనలో, రొట్టె అందుకుంది. వాటి మాట ఎవరూ ఎత్తలేదా?

"అవి తీయరావు గదనే!" అన్నారాయన.

ఇంటికొచ్చేదాకా అదే ఆలోచించా. తీయడానికి వచ్చినవి తీయమన్నారు, రానివాటిని దేవుడికి వదిలేశారు. ఇప్పుడు లేజర్ వచ్చింది కాబట్టి పచ్చబొట్టు కూడా కమ్మల్లాగే తీసేయగల వస్తువైపోయింది. రేపు ఎవరైనా తేలు పచ్చబొట్టుతో బాప్తిస్మానికి వస్తే ముందు క్లినిక్‌కి వెళ్లి రమ్మంటారేమోనని నా భయం. ఆ ఖర్చు భరించగలిగే వాళ్లెంతమంది?

మా స్కూల్లో పనిచేసే ఫాతిమానగర్ టీచరొకామె ఇదంతా విని ఆశ్చర్యపోయింది. వాళ్లు కాథలిక్కులు. వాళ్ల చర్చిలో టాటూ మీద ప్రత్యేకంగా నిషేధం లేదు, ఆడపిల్లలకు చిన్నప్పుడే చెవులు కుట్టిస్తారు. "మీరు ఇంత ఆలోచించి కుట్టించుకుంటున్నారా!" అంది. పనికొచ్చే సలహా ఇచ్చింది కూడా ఆమే. వరంగల్ చౌరస్తా దగ్గర బంగారం షాపులో గన్‌తో కుట్టించుకుందామనుకున్నా. ఆ గన్‌ను ఆవిరి యంత్రంలో పెట్టి శుభ్రం చేయడం కుదరదు, అది రంధ్రం చేసే కంటే కండను చీల్చినట్టు చేస్తుంది, సూదితోనే కుట్టించుకోమంది. దాంతో తమ్ముడి డాక్టరు దగ్గరికే వెళ్లా. వాడి సిట్టింగ్ రోజే నాదీ. డాక్టరు మా ఇద్దర్నీ చూసి ఏమీ అడగలేదు గానీ నవ్వాపుకోవడం కనిపించింది.

రెండు చెవులకూ పెన్నుతో చుక్క పెట్టి అద్దం ఇచ్చారు. సమానంగా ఉన్నాయో లేదో నేనే చూసుకోవాలి. నొప్పి క్షణమే. అసలు కష్టం తర్వాత మొదలైంది, దానికి కారణం ముసుగు. ఆదివారం కొంగు తల మీదికి లాగిన ప్రతిసారీ దిద్దుకు తగులుకునేది. కూడికలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే నేను చెవి దగ్గర దారం పోగు విడిపించుకుంటూ కూర్చునేదాన్ని. ఒక చెవి వాచి చీము పట్టింది. అమ్మ వేపపుల్ల తెచ్చింది, అమ్మమ్మ కాలంలో అదే పెట్టేవాళ్లట. డాక్టరు వద్దంది. ఉప్పునీళ్లతో కడగమంది, దిద్దును తిప్పొద్దంది, ఆరు వారాలు తీయొద్దంది, ఆయింట్‌మెంట్ రాసింది. గిల్టు నగలు అసలే వద్దు, వాటిలోని నికెల్ పడక చాలామందికి దురద పుడుతుందట. కుట్టించడానికి ఒప్పుకోని అమ్మే రోజూ రాత్రి ఉప్పునీళ్లు కాచి, దూదితో తుడిచేది. తుడుస్తూ తిట్టేది.

పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. పెళ్లయ్యాక నేను ఎలాగూ భర్త సంఘానికి వెళ్తాను కనుక అక్కడి పద్ధతి అక్కడ. పుట్టింటికి వచ్చినప్పుడు మాత్రం చెవులవి తీసేస్తేనే ప్రభువు బల్ల ఇస్తారు. సండే స్కూల్ పిల్లలకు చెప్పడం అప్పటికప్పుడే ఆపేయమన్నారు. ఇది నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. తీసి సంచిలో వేసుకుని బల్లకు వెళ్లి, బయటికొచ్చి పెట్టుకుంటే ఎవరికి లాభం? అయినా అమ్మ కోసం తీస్తున్నా. అయ్యగారి కోసం అయితే తీసేదాన్ని కాదు.

పెళ్లిలో అత్తగారు అన్న మాట ప్రకారం నాకు దుద్దులు పెట్టారు. తెలియక అమ్మకూ ఒక జత ఇచ్చారు. అమ్మ వద్దనలేదు. రెండు చేతులతో అందుకుని "వందనాలు వదినా" అంది. మా వాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వారం తిరక్కుండానే వాటిని తీసుకెళ్లి బ్యాంకులో గోల్డ్ లోన్ పెట్టి, తమ్ముడి చివరి సిట్టింగ్‌కూ కోచింగ్ ఫీజుకూ కట్టేసింది. సంఘంలో ఎవరో అడిగితే, "చెవులకు పెట్టుకోవద్దన్నరు గని, బ్యాంకుల పెట్టుకోవద్దని యాడ రాసి లేదు" అందట.