సంచిలో తవుడు మిగిలిపోయింది

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులు చూసినవాళ్ళకి తెలుసు, నీళ్ళమీద అడ్డంగా కట్టిన తాళ్ళకి చిల్లుల సంచులు వేలాడుతుంటాయి. అందులో తవుడు, నూనె తీసిన గింజల చెక్క వేస్తే చేపలే వచ్చి చిల్లుల్లోంచి పీక్కుని తింటాయి. కైకలూరు వైపు మా చెరువులో పొద్దున్నే కట్టిన సంచులు పోయిన డిసెంబర్‌లో ఒకరోజు సాయంత్రానికి కూడా బరువుగానే ఉన్నాయి. పడవలో వెళ్ళి చూసొచ్చిన బాబాయ్ "చేప మేత మీద లేదురా" అన్నాడు. చలికి అయ్యుంటుందిలే అన్నాను.

మూడో రోజుకి గట్టు వారగా చచ్చిన చేపలు తేలాయి.

కొన ఊపిరితో ఉన్న శీలావతి చేపని ఒకదాన్ని పట్టుకుని తిప్పి చూశాం. రెక్కల మొదళ్ళలో రక్తం చిమ్మినట్టు ఎరుపు, పొట్ట ఉబ్బి పొలుసులు నిక్కబొడుచుకున్నాయి, కోస్తే లోపలంతా నీళ్ళు. ఒంటిమీద చేప పేలు కూడా ఉన్నాయి, గాజు ముక్కల్లా చదునుగా, గోటితో గీరితే పక్కకి జారిపోతూ.

ల్యాబ్‌లో ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బ్యాక్టీరియా అని తేల్చారు. ఊళ్ళో అందరిదీ ఒకటే ప్రశ్న, ఈ జబ్బు ఎక్కణ్ణించి వచ్చింది అని. అసలు అది ఎక్కణ్ణించీ రానక్కర్లేదు. చెరువు నీళ్ళలో, అడుగు బురదలో, ఆరోగ్యంగా ఉన్న చేప పేగుల్లో కూడా ఈ బ్యాక్టీరియా మామూలుగా ఉండేదే. చేప ఒంటిమీద జిగురు ఉంటుంది చూడండి, చేతిలోంచి జారిపోయేలా చేసేది, అది గట్టిగా ఉన్నన్నాళ్ళూ ఇది లోపలికి పోవడం కష్టం. ఆ జిగురుని మేమే పోగొట్టాం. రెండు వారాల ముందు పెద్ద సైజు చేపలు అమ్ముదామని వల లాగాం, వలలో కొట్టుకుని మిగతావాటి పొలుసులు ఊడాయి. రక్తం పీల్చడానికి పేలు పొడిచిన చోటల్లా ఇంకో కన్నం. ఆపైన నాలుగు రోజులు మబ్బు. ఎండ లేకపోతే నీళ్ళలోని పాచి పగలు ఆక్సిజన్ సరిగ్గా చేయదు, రాత్రయ్యేసరికి ఉన్నదాన్ని అదీ వాడుకుంటుంది, అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుచుకుంటాయి. అంత టెన్షన్‌లో ఉన్న చేపకి రోగాన్ని ఆపే శక్తి ఏముంటుంది? తినని తవుడు అడుగున కుళ్ళి అమ్మోనియా పెరిగితే మొప్పలు కూడా దెబ్బతింటాయి.

ఒక్కసారి మొదలయ్యాక మాత్రం తేలిగ్గా ఆగదు. పుండ్లలోంచి, రెట్టలోంచి బ్యాక్టీరియా నీళ్ళలోకి వస్తూనే ఉంటుంది, గుంపుగా పెంచుతాం కాబట్టి పక్క చేప ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటుంది. నీటికాకులు సగం తిన్న చేపని తీసుకెళ్ళి పక్క చెరువులో పడేస్తాయి. అదే వల, అదే పడవ నాలుగు చెరువులు తిరుగుతాయి. మా దగ్గర ఇంకో దరిద్రం ఏంటంటే ఒకళ్ళు కాలవలోకి వదిలిన నీళ్ళే ఇంకొకళ్ళు తోడుకుంటారు.

మేం చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. ల్యాబ్‌కి వెళ్ళకముందే మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ తవుడులో కలిపి కట్టాం. జబ్బు చేప మేతకే రాదు కదా! మందంతా బాగున్న చేపలు తిన్నాయి, కొంత నీళ్ళలో కరిగిపోయింది. తీరా రిపోర్టు వస్తే ఆ బ్యాక్టీరియా మీద ఆ మందు పనిచేయదని రాసుంది. డబ్బు పోయింది సరే, అలా అరకొరగా వాడితేనే మందుకి లొంగని రకాలు పెరుగుతాయట. ల్యాబ్‌కి చచ్చిన చేపని పట్టుకెళ్ళొద్దు, కుళ్ళు బ్యాక్టీరియా చేరిపోయి అసలుది దొరకదు, ప్రాణం ఉన్నదాన్నే పట్టుకెళ్ళండి.

చివరికి ముందు పేనుకి మందు కొట్టి, కొత్త నీళ్ళు పెట్టి, మేత తగ్గించి, రాత్రుళ్ళు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పితే చావులు తగ్గాయి. చచ్చినవాటిని గట్టుమీద వదలకుండా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాం.

నిన్న పక్క చెరువాయన వల అడగడానికొచ్చాడు. "ఎండలో ఆరేశామండీ, రెండ్రోజులాగి తీసుకెళ్ళండి" అన్నాను. ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.